పొడుగు కాలు మోటారు

బరంపురంలో ఇనపసామాన్ల సందు.
కొట్టు ముందు గుంజకి తగిలించి
ఏడో ఎనిమిదో మోటార్లు,
కాళ్ళు గాల్లో ఏలాడుతున్నాయి.
మేకైతే పళ్ళు చూస్తాం.
వీటికి ఎక్కడ పట్టుకు చూడాలో తెలీలేదు.

బైరాగి సూటిగా పెద్దదాని ముందుకెళ్ళి నిలబడ్డాడు.
పదిహేను గుర్రాలట.
సాహు బాబు ఒడియాలో మొదలెట్టి తెలుగులో తేలాడు:
"ఇది బిగిస్తే మీ పడవ ఎగురుద్ది."

పదకొండు మూరల పడవ బాబూ మాది.
నీలకంఠం ఆచారి చెక్కిననాడే
దాని పరుగు దాని పొడుగులో కొలిచి పెట్టేసాడు.
అంతకు మించి తోస్తే
అమరం కూలబడి, ముక్కు ఆకాశం చూసి,
తన ఎనకాల తనే గొయ్యి తవ్వుకుంటాది.

మోటారు మాకు గాలి చచ్చిన గంటకి.
చీకట్నే నేల గాలికి పోయినోళ్ళు
పొద్దెక్కాక సముద్రం గాలికి తిరిగొస్తారు.
నడుమ ఒక గంట ఉంటాది,
తెరచాప తడిగుడ్డలా ఏలాడి
నీళ్ళు నూనె పోసినట్టు.
ఆ గంటలోనే కవళ్ళ పొట్ట మెత్తబడేది,
గట్టుమీద బేరగాడు మాట మార్చేది.
ఇంకోటి, బాహుదా మొగ.
అక్కడ ఇసక రాత్రికి రాత్రి మంచం మార్చుకుంటాది.
ఏరు బయటికి లాగేప్పుడు
నాలుగు తెడ్లు చాలవు.

"నాలుగు గుర్రాలు చాలు" అన్నాను.
అంతవరకూ నేనొకర్తిని ఉన్నానని
కొట్లో ఎవరికీ తట్టలేదు.

"పొట్టి కాలుదైతే చవగ్గా ఇస్తా."
పొట్టి కాలు చిలికలో నడుస్తాది, అక్కడ నీరు పళ్ళెం.
మా దగ్గర కెరటం మీద అమరం లేచినప్పుడల్లా
రెక్క గాల్లో తిరిగి అరుస్తాది.
మా సోమేసు చిన్నాన్నది
అలా అరిచి అరిచే మాడిపోయింది.
అమరం పైఅంచు నుంచి నీటిగీత దాకా
కొలిచి ముడేసిన తాడు
నా కొంగులో ఉంది. తీసి ఆనించాను.
పొట్టి కాలు ముడి దగ్గరే ఆగిపోయింది.
పొడుగుది జానెడు కిందకి దిగింది.

బైరాగి ఇంకా పదిహేను గుర్రాల తల నిమురుతున్నాడు.
తప్పనను.
రేవులో ఆ చప్పుడుకో మర్యాదుంది.
తెరచాపోడు వస్తుంటే
పెళ్ళిలో చిరిగిన చొక్కాని చూసినట్టు చూస్తారు.

కానీ కార్తీకంలో తాబేళ్ళొస్తాయి.
వైశాఖం దాటేదాకా మోటారు నోరు మూసుకోవాల,
ఫారెస్టోళ్ళ బోటు తిరుగుతాది.
మళ్ళా గుడ్డే, మళ్ళా గాలే.
అన్నాళ్ళూ ఇది మంచినీళ్ళ స్నానం చేసి
గోనె కప్పుకుని మా మంచం కింద, చుట్టంలా.
రేవు నుంచి ఇంటికి మూడొందల అడుగులు ఇసక.
ఆయనకి ఎడం భుజం లేవదు.
ఈ సంగతి మోటారు కంపెనీకి తెలీదు,
ఆయనకే అప్పుడప్పుడూ గుర్తుండదు.

"ఎత్తి చూస్తాను."
కొట్లో కుర్రాడు నవ్వాడు.
సాహు బాబు నవ్వలేదు, స్టూలు పక్కకి జరిపాడు.
ఎండుచేపల గంప
ఇచ్ఛాపురం బస్సు టాపు మీదకి రోజూ అందించే చెయ్యి ఇది.
పాతిక కేజీలు. గుండెకి ఆనించుకుని లేచాను.
కొత్త రంగు వాసన.
ఉప్పు ఇంకా తగలని ఇనుము ఎంత చల్లగా ఉంటాదో
నాకప్పటిదాకా తెలీదు.
గుమ్మం దాకా నడిచి, తిరిగొచ్చి దింపాను.
నడుము ఓ మాట అంది.
అది నాలోనే ఉంచుకున్నాను.

సంఘం డబ్బు రెండుసార్లు లెక్కపెట్టాడు సాహు బాబు,
రెక్క మార్చి ఇమ్మన్నాను, పరిగెత్తేది వద్దు, తోసేది.
మార్చాడు.

బస్సులో దాన్ని మా ఇద్దరి మోకాళ్ళ నడుమ నిలబెట్టుకున్నాం.
"ఆరు గుర్రాలదైనా అడగాల్సింది"
అన్నాడు బైరాగి, కిటికీతో.
కండక్టరు వచ్చి దాన్ని కిందా మీదా చూసి
అర టికెట్టు కొట్టాడు.